విద్యార్థి ఆలోచిస్తుండగానే అడ్డు తగులుతున్న రోబో ట్యూటర్‌ను ఆపేదెలా?

మా ఇంజనీరింగ్ కళాశాలలో రెండో సంవత్సరం విద్యార్థులకు సర్క్యూట్ల పాఠం సాధన చేయించడానికి బల్లమీద నిలబడే చిన్న మానవాకార రోబోను వాడుతున్నాం. అది ప్రశ్న అడుగుతుంది, జవాబు విని సూచన ఇస్తుంది. చిక్కంతా ఆ వినడంలోనే.

నిన్న ఒక అమ్మాయి "థెవెనిన్ వోల్టేజీ అంటే... లోడు తీసేశాక..." అంటూ కాగితం వైపు చూసిందో లేదో, రోబో తల అడ్డంగా ఊపి "సరికాదు, సూచన ఇవ్వనా?" అంది. పాపం, ఆ అమ్మాయి చెప్పబోయింది సరైన జవాబే!

ఎంతసేపు మౌనంగా ఉంటే మాట ముగిసిందని రోబో తేల్చాలో, ఆ హద్దు మొదట 0.8 సెకన్లు. దాన్ని 2.5కు పెంచితే అడ్డుతగలడం తగ్గింది గాని, "అవును" అన్న ఒక్క మాటకూ రోబో గుడ్లప్పగించి చూస్తోంది. మనుషుల సంభాషణలో ఒకరు ముగించాక మరొకరు మొదలుపెట్టే విరామం సగటున 0.2 సెకన్లే కాబట్టి, వినలేదేమోనని పిల్లలు మళ్లీ చెబుతున్నారు. రోబో ఫ్యాను మోత కారణమేమోనని కాలర్ మైకు పెట్టాం, తేడా లేదు. "అయిపోయింది" అని చెప్పమంటే రెండో ప్రశ్నకే మరిచిపోతున్నారు. జవాబు ముగిశాక రోబో తలమీద తట్టే పద్ధతి పనిచేసింది. అలాగైతే బటన్ చాలు, రోబో ఎందుకు?

విద్యార్థి ఆలోచించడానికి ఆగాడా, జవాబు ముగించాడా అన్నది మీ రోబో చేత ఎలా గుర్తింపజేస్తున్నారు?