ఫ్రీ కరెంటు ఆపితే బోర్లల్ల నీళ్లు నిలుస్తయా?

జనగామ పోరడు:
మొన్న ఈడనే ఒకాయన వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెడితేనే భూగర్భ జలాలు మిగుల్తయ్ అని రాసిండు. ఫ్రీ కరెంటు 2004ల వచ్చింది, మా ఊళ్ల మోట బావులు దానికంటే ముందే ఎండినయ్. మా నాయన నాలుగు బోర్లు ఏస్తే మూడు ఫెయిల్, అప్పు ఇంకా తీరలే, ఇగ బిల్లు కూడా కట్టాల్నా?

చీనీ తోట (అనంతపురం):
నీ బాధ నిజమేన్నా, కానీ కరెంటుకీ నీళ్లకీ సంబంధం లేదంటే మాత్రం ఒప్పుకోను. మా పక్క తోటాయప్ప ఆటో స్టార్టర్ పెట్టినాడు, రాత్రి రెండుకు కరెంటొస్తే మోటార్ అదే ఆన్ అయితాది, ఆయప్ప ఇంట్లో నిద్రపోతాంటాడు, మడి నిండి నీళ్లు దోవలోకి పోతాంటాయి. తెల్లారి చూస్తే రెండించులు పోసే నా బోరు గాలి కక్కుతాంది. కింద ఉండేది చెరువు కాదు కదా, రాతి పగుళ్లు, ఇద్దరిదీ ఒకటే పగులు.

జనగామ పోరడు:
రాత్రి పాముల్ల పడి మోటార్ కాడికి పోలేకనే గదా ఆటోలు పెట్టింది. మా తెలంగాణల జనవరి 1, 2018 నుంచి 24 గంటలు కరెంటు ఇచ్చినప్పుడు సర్కారే ఆటోలు తీసెయ్యమన్నది, మా దిక్కు శానమంది తీసిండ్రు.

సిటీ బాబు:
నేను రైతును కాను, అయినా ఒక మాట. మా అపార్ట్‌మెంట్ ఇంకుడు గుంత మీద పార్కింగ్ టైల్స్ వేసేశారు, ఎండాకాలం మొత్తం ట్యాంకర్లే. ముందు మీటర్ మాకు పెట్టండి 😀

పాత వాలంటీర్:
2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో 7 జిల్లాల్లో రైతుల భూగర్భజల ప్రాజెక్ట్ ఒకటి నడిచింది, అనంతపురం, నల్గొండ, ప్రకాశం అన్నీ అందులోనివే, నేనూ రెండేళ్లు తిరిగా. రైతులే బోర్లోకి టేపు దించి మట్టం కొలిచి ఊళ్లో బోర్డు మీద రాసేవాళ్లు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లకి వరి ఎన్నెకరాలు శనగ ఎన్నెకరాలు అని లెక్కేసుకునేవాళ్లు. నిషేధం లేదు, మీటర్ లేదు, కరెంటు ఫ్రీయే, అయినా చాలా ఊళ్లలో వరి తగ్గించారు.

చీనీ తోట (అనంతపురం):
మా మండలంలో ఆ బోర్డు ఒకటి ఇంకా ఉంది సార్, పాత అంకెలే ఉన్నాయి, మేకలు కట్టేస్తాండారు దానికి.

జనగామ పోరడు:
లెక్క మాకూ తెల్సు సార్. వడ్లయితే ఊళ్లనే ఐకేపీ సెంటర్ల (సర్కారు వడ్లు కొనే కాడ) కాంటా పెడ్తరు. పెసర్లు పండిస్తే ఎవలు కొంటరు, అది చెప్పుండ్రి, రేపే వరి బంద్ పెడ్త.