గుండె ధమని చుట్టూ ఉన్న కొవ్వు: ముద్దాయా, సాక్షా?

కాకినాడ_ఫిజియో:
సీటీ కరొనరీ యాంజియో (గుండె ధమనులను చూసే సీటీ స్కాన్) రిపోర్టుల్లో ఈమధ్య కొన్నిచోట్ల 'ధమని చుట్టూ కొవ్వు సాంద్రత' అని ఒక అంకె వేస్తున్నారు. హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో (సీటీలో సాంద్రత కొలత, నీటికి సున్నా) మైనస్ 70 దాటి సున్నా వైపు వస్తే రిస్కు ఎక్కువట. నన్నడిగితే ఆ కొవ్వే ముద్దాయి. బయటి నుంచి ధమని గోడలోకి సైటోకైన్లు (వాపు పుట్టించే రసాయన సంకేతాలు) వదిలి పూడిక కట్టిస్తుంది. కొందరిలో ఎల్‌ఏడీ (గుండె ముందువైపు దిగే పెద్ద ధమని) కొంత దూరం గుండె కండరంలో మునిగి నడుస్తుంది. ఆ ముక్క చుట్టూ కొవ్వుండదు, లోపల పూడికా దాదాపు కనపడదు. ఇంకేం రుజువు కావాలి?

సీటీ_రీడర్:
ఆ రుజువు నిలవదండీ. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ ముక్క నొక్కుకుపోతుంది, రక్తం ఒరుసుకునే తీరే మారిపోతుంది. కొవ్వు లేకపోవడం, ప్రవాహం మారడం రెండూ ఒకేచోట ఉంటే ఒకదానికే ఎలా అంటగడతాం?

ఇక ఆ అంకె కొవ్వు ఎంతుందో చెప్పదు. కుడి కరొనరీ మొదట్లో 10 మి.మీ. వదిలేసి తర్వాతి 40 మి.మీ. తీసుకుంటాం. గోడ బయటి అంచు నుంచి ధమని వ్యాసమంత దూరం వరకు, మైనస్ 190కి మైనస్ 30కి మధ్య హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లున్న బిందువులనే లెక్కేసి సగటు తీస్తాం. గోడలో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉంటే అక్కడి సంకేతాలు పక్కనున్న లేత కొవ్వు కణాలను ఎదగనివ్వవు. వాటిలో కొవ్వు తగ్గి నీటి పాలు పెరుగుతుంది, సగటు సున్నా వైపు జరుగుతుంది. 2017లో ఆక్స్‌ఫర్డ్ బృందం చూపింది ఇదే. మరుసటి ఏడు ఎర్లాంగెన్ (జర్మనీ), క్లీవ్‌లాండ్ (అమెరికా) రోగుల డేటాతో మైనస్ 70.1 అనే హద్దు వచ్చింది. కాబట్టి కొవ్వు ఇక్కడ సాక్షి మాత్రమే.

సిర_గ్రాఫ్ట్:
మా వైపు నుంచి చూస్తే అది కాపలాదారు కూడా. బైపాస్‌కి కాలి సిర తీసేటప్పుడు మామూలుగా చుట్టూ కొవ్వు ఒలిచేసి, సిరంజితో సెలైన్ ఎక్కించి ఉబ్బిస్తారు. ఆ ఒత్తిడికి లోపలి పొర దెబ్బతింటుంది. స్వీడన్‌లోని ఓరెబ్రోలో సర్జన్ డొమింగోస్ సౌజా కొవ్వుతో సహా, ఉబ్బించకుండా తీసే పద్ధతి తెచ్చారు. 16 ఏళ్ల తర్వాత ఆ గ్రాఫ్టుల్లో (గుండెకు అతికిన సిరల్లో) 83 శాతం తెరుచుకునే ఉన్నాయి, పాత పద్ధతిలో 64 శాతం. ఇబ్బందల్లా కాలి గాయంతోనే, షుగరున్నవాళ్లలో మానడానికి మరీ సతాయిస్తుంది.

సీటీ_రీడర్:
కొవ్వుతో పాటు సిర బయటి పొర, దానిలోని సన్నని రక్తనాళాలూ మిగిలాయి కదా సార్. మేలు దేనిదో ఎలా విడదీస్తారు?

కాకినాడ_ఫిజియో:
నా మాట కొంచెం సవరిస్తాను. కొవ్వంతా ఒకటి కాదు. 1991లో సోల్టిస్, కాసిస్ ఎలుక మహాధమని ముక్కలతో చూపారు: చుట్టూ కొవ్వు ఉంచితే నార్‌అడ్రినలిన్‌కు (ధమనులను ముడిచే హార్మోన్) ధమని తక్కువగా ముడుచుకుంటుంది. ఎలుకల్లో ఛాతీ మహాధమని చుట్టూ ఉండేది గోధుమ కొవ్వును (వేడి పుట్టించే రకం) పోలింది, పొట్ట దగ్గరది తెల్లకొవ్వు (నిల్వ ఉంచే రకం) వైపు. ఊబకాయం వచ్చాక ఆ సడలించే గుణం పోతుంది. అప్పుడు అదే కొవ్వు హాని చేస్తుందన్నది నా వాదన, దాన్ని వదులుకోను.

ఓపీ_డాక్టర్:
మీ వాదన తేలేలోపు పేషెంట్ల సంగతి చూడండి. రిపోర్టులో 'కొవ్వు' అని చూడగానే వంటనూనె మానేసి వస్తారు, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మాత్రం ఆపేస్తారు! 2024లో వచ్చిన ఓర్ఫాన్ అధ్యయనంలో బ్రిటన్‌లో 40,000 మందికి పైగా చూశారు. గుండె మరణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు, సీటీలో పెద్ద బ్లాకు లేనివాళ్లవే. అలాంటివాళ్లలో ఎవరికి ముప్పో గుర్తించడానికి ఈ అంకె పనికొస్తుంది, కాదనను. కానీ అంకె చూసి మందు మారిస్తే గుండెపోట్లు తగ్గాయని తేల్చిన పెద్ద ట్రయల్ ఇంకా లేదు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), బీపీ, షుగర్, సిగరెట్, నడుము కొలత (మనవాళ్లలో మగవారికి 90 సెం.మీ., ఆడవారికి 80) వదిలేసి దీని వెంట పడొద్దు.

సీటీ_రీడర్:
ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా: 120 కేవీలో (ఎక్స్‌రే ట్యూబు వోల్టేజీ) తీసిన స్కాన్‌ను 100 కేవీలో తీసినదానితో పోల్చకండి. కేవీ తగ్గితే కొవ్వు అంకె ఇంకా మైనస్‌లోకి పోతుంది, మందు పనిచేసిందని భ్రమ పడతారు. రిపోర్టులో కేవీ, మిషన్ మోడల్ రాయకపోతే అడిగి రాయించుకోండి.