మిగిలిన చేపల పులుసు, రొయ్యల ఇగురు ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

చుట్టాలొస్తారని రెండూ ఎక్కువే వండాం, సగానికి సగం మిగిలాయి. చల్లార్చి, 2 గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టేశాను. మా అత్తయ్యగారేమో పులుసు మట్టి దాకలోనే బయట ఉంచాలి, తెల్లారికి ముక్కకు పులుపు పడుతుంది, చింతపండు ఉండగా ఏం కాదు అంటారు. రుచి సంగతి నిజమే గానీ, ఈ ఉక్కలో నాకు ధైర్యం చాలదు.

ఫ్రిజ్‌లో 3-4 రోజులే కదా, అందుకే కొంత మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడదామనుకుంటున్నా. పులుసులోని బెండకాయలు తీసేయాలా? కరిగాక జావైపోతాయేమో. రొయ్యలు మళ్లీ వేడిచేస్తే రబ్బరులా సాగకుండా ఏం చేస్తారు? పూటకు సరిపడా చిన్న డబ్బాలు మేలా, జిప్ కవర్లా? కవర్లో చేపముక్క చితికిపోతుందని నా అనుమానం. ఇంట్లో చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.