రోమ్ చర్చల్లో మహిళా సంఘాల కృషిపై సమాచారం కావాలి

అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఏర్పాటుకు 1998లో రోమ్‌లో చర్చలు జరిగినప్పుడు, మహిళా సంఘాల బృందం వివిధ దేశాల ప్రతినిధులను కలిసి, అత్యాచారాన్ని, లైంగిక బానిసత్వాన్ని, బలవంతపు గర్భధారణను మానవాళిపై నేరాలుగా చేర్పించడానికి ఎంతో పాటుపడింది. వీటిలో చివరిదానికి వాటికన్ గట్టిగా అడ్డు చెప్పింది. ఆ చర్చల్లో కుదిరిన రోమ్ ఒప్పందం 7వ అధికరణంలో బలవంతపు గర్భధారణ నిర్వచనం చివర, గర్భానికి సంబంధించిన జాతీయ చట్టాలపై దీని ప్రభావం ఉండదన్న వాక్యం ఆ పేచీ ఫలితమే. ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో! అంతవరకు రావడానికి ఆ మహిళలు ఏం వదులుకున్నారో, ఏం నిలబెట్టుకున్నారో వారి మాటల్లోనే తెలుసుకోవాలని ఉంది. చివరికి ఓటింగులో తటస్థంగా ఉండిపోయిన భారత ప్రతినిధులను మన మహిళా సంఘాలు కలిశాయా? అప్పటి నివేదికలు, జ్ఞాపకాలు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.