పాత చొక్కాతో పాపకు గౌను: గుండీల పట్టీ ముందుకా, వెనక్కా?

ప్రశ్న:
మా వారి నూలు చొక్కాలు రెండు కాలర్ మడత దగ్గర చిరిగిపోయినా మిగతా బట్ట గట్టిగానే ఉండటంతో, వాటిని మూడేళ్ల మా పాపకు గౌన్లుగా మార్చాలనుకున్నాను. మొదటిదానికి కాలర్ విప్పి, ఉన్న మెడను అలాగే ఉంచి, పక్కలు లోపలికి పట్టి కుట్టాను. అది భుజాల మీద నిలవకుండా జారిపోతోంది. రెండవదాన్ని ఎలా కత్తిరించాలి? గుండీల పట్టీ ముందుండాలా, వెనక్కి తిప్పాలా? పాప ఛాతీ చుట్టుకొలత 54 సెంటీమీటర్లు.

జవాబు 1:
పెద్దవారి మెడను ఉంచుకోవడం వల్లనే ఇబ్బంది వచ్చిందండి. పాపకు సరిపోయే గౌనును కాగితంపై పరచి, చుట్టూ గీసి, కుట్టుకు ఒకటిన్నర సెంటీమీటర్లు వదిలి నమూనా తీసుకోండి. చొక్కాకు గుండీలన్నీ పెట్టి, ఇస్త్రీ చేసి, దాని మెడ వంపుకు కిందుగా, పట్టీ సరిగ్గా నడిమధ్యకు వచ్చేలా నమూనాను ఉంచి కత్తిరించండి. చొక్కా వీపు భాగం అతుకులేని నిండు బట్ట కనుక అదే గౌనుకు ముందుభాగం కావాలి. పట్టీ వెనక్కి వెళ్తే కాజాలు కుట్టే పని తప్పుతుంది. ఛాతీ దగ్గర 62 సెంటీమీటర్లు ఉంచి, కిందికి వచ్చేకొద్దీ చొక్కా వెడల్పంతా వదిలేస్తే కుచ్చులు లేకుండానే గౌను విచ్చుకుంటుంది. చొక్కా అంచు పక్కల్లో పైకి వంపు తిరిగి ఉంటుంది. పొడవు సరిపోతే దాన్ని కదపకండి, కుట్టిన అంచు ఉచితంగా దొరికినట్టే.

జవాబు 2:
పట్టీ విషయంలో నాది కొంచెం వేరే మాట. తన గుండీలు తానే పెట్టుకోవాలని పట్టుపట్టే పిల్లలకు ముందుంటేనే సుఖం. వెనక ఉంటే పడుకున్నప్పుడు వీపుకు గుచ్చుకుంటాయి కూడా. ఎటు పెట్టినా గుండీలను కొత్త దారంతో గట్టిగా కుట్టండి, ఊడితే అవి నోట్లోకే వెళ్తాయి. కత్తిరించే ముందు బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, మోచేతుల దగ్గర, చంకల దగ్గర పలచబడిన చోట్లు తెలుస్తాయి. చేతుల్లో మిగిలిన మంచి బట్టను ఐమూలగా మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి మెడకు, చంకలకు పైపింగ్ వేయండి. నిలువుగా కోసిన పట్టీ వంపు దగ్గర ముడతలు పడుతుంది. జేబు సరిగ్గా పాప చంక వంపులోకి వస్తుంది కాబట్టి విప్పక తప్పదు, కానీ వెలిసిన చొక్కాలో దాని కింది బట్ట ముదురుగా మిగిలి మచ్చలా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. జేబు విప్పితే మీరన్నట్టే ముదురు మచ్చ కనిపించింది, అందుకే పట్టీని వెనక్కే తిప్పాను. ఆ మచ్చలో సగం చంక కోతలో పోయింది, మిగతాది వీపు వైపు ఉండిపోయింది. విప్పిన జేబును ముందువైపు పాప చేతికి అందే ఎత్తులో కుట్టాను. ఇంకా కింది గుండీ బిగించకముందే అందులో రెండు గులకరాళ్లు చేరాయి.