పక్షం వహించే రేడియో వ్యాఖ్యాతను అభ్యర్థుల చర్చలో ప్రశ్నకర్తగా కూర్చోబెట్టవచ్చా?

రేడియో శ్రోత (డాలస్):
సభ్యులందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా ఆఫీసుకు వెళ్లివచ్చే దారిలో కారులో టాక్ రేడియో వింటున్నాను. ఒకే అంశాన్ని మూడు గంటలపాటు విడమరిచి, ఫోన్ చేసిన శ్రోతతో వాదించి, విసుగు పుట్టకుండా నడిపించే ఆ వ్యాఖ్యాతల నేర్పు మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. 2015 సెప్టెంబర్ 16న కాలిఫోర్నియాలోని రీగన్ గ్రంథాలయంలో సీఎన్ఎన్ నిర్వహించిన రిపబ్లికన్ ప్రైమరీ (పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) చర్చలో, ఆ సంస్థ పాత్రికేయులైన జేక్ టాపర్, డేనా బాష్‌ల పక్కన సేలం రేడియో వ్యాఖ్యాత హ్యూ హ్యూయిట్‌ను కూర్చోబెట్టారు. 2023 నవంబర్ 8న మయామీలో ఎన్‌బీసీ నిర్వహించిన చర్చలోనూ ఆయన ప్రశ్నలడిగారు. ఆయన రీగన్ ప్రభుత్వంలో పనిచేసిన న్యాయవాది. తన పక్షం ఏదో ఏనాడూ దాచుకోలేదు. రోజూ ఒక పార్టీ గెలవాలని మాట్లాడే మనిషికి, ఆ పార్టీ అభ్యర్థులను నిలదీసే అధికారం ఇవ్వడం తగదని నా అభిప్రాయం. మైకు ముందు కూర్చునే మనిషికి శ్రోతలే జీవనాధారం. వారికి నచ్చని ప్రశ్న అడిగితే మరుసటి రోజు స్టేషన్ మార్చేస్తారన్న భయం ఆయనను వెన్నాడకుండా ఉంటుందా?

కృష్ణాతీరం:
శ్రోత గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణే మీ వాదనకు ఎదురు నిలుస్తోంది. 2015 సెప్టెంబర్ మొదట్లో తన రేడియో కార్యక్రమంలో ఇదే హ్యూయిట్ ఇరాన్ సైన్యంలో విదేశీ కార్యకలాపాలు చూసే ఖుద్స్ దళం గురించి డొనాల్డ్ ట్రంప్‌ను అడిగితే, ట్రంప్ దానిని కుర్దులుగా (పశ్చిమాసియాలోని ఒక జాతి) విని వేరే సమాధానం చెప్పారు. మర్నాడు ఆయన హ్యూయిట్‌ను మూడో తరగతి రేడియో ప్రకటనకర్త అని నిందించారు. అంతటితో ఆ వ్యాఖ్యాత వెనక్కి తగ్గలేదు. డిసెంబర్ 15న లాస్ వెగాస్ చర్చలో, అణ్వాయుధాలను ప్రయోగించే మూడు మార్గాలైన విమానాలు, భూగర్భ క్షిపణులు, జలాంతర్గాములలో దేనిని ముందు ఆధునికీకరించాలని ట్రంప్‌ను సూటిగా అడిగారు. ట్రంప్ అణుశక్తి వినాశకరమైనదన్న మాటల దగ్గరే తిరిగారు. ఆ మూడు మార్గాలేమిటో ప్రేక్షకులకు వివరించిన వ్యక్తి మరో అభ్యర్థి మార్కో రూబియో. ఆ ఏడాది జరిగిన చర్చలన్నింటిలో అభ్యర్థి సన్నద్ధత ఎంతో తేటతెల్లం చేసిన ప్రశ్న ఇదేనని నేను నమ్ముతున్నాను. అది పక్షం వహించే వ్యాఖ్యాత నోటి నుంచే వచ్చింది.

దీనిని అదే ఏడాది అక్టోబర్ 28న బౌల్డర్‌లో సీఎన్‌బీసీ నిర్వహించిన చర్చతో పోల్చి చూడండి. తటస్థుడిగా కూర్చున్న పాత్రికేయుడు జాన్ హార్వుడ్, మీది బొమ్మల కథల పుస్తకం తరహా ప్రచారమా అన్న అర్థం వచ్చేలా ట్రంప్‌ను అడిగారు. దానివల్ల ఓటరుకు తెలిసింది ఏమీ లేదు. ఇంటి మనిషికి ఇంట్లో పగుళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. రిపబ్లికన్ ఓటర్లు రక్షణ వ్యయం గురించి, న్యాయమూర్తుల నియామకాల గురించి ఏమి తెలుసుకోగోరుతారో ఏళ్లతరబడి వారి ఫోన్ కాల్స్ విన్నవాడికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు.

చట్టం చదివినవాడు:
ఈ విషయం చర్చకు వచ్చినప్పుడల్లా రెండు నిబంధనలను కలగాపులగం చేస్తుంటారు కాబట్టి, ముందుగా వాటిని విడదీయనివ్వండి. 1949లో అమెరికా సమాఖ్య కమ్యూనికేషన్ల కమిషన్ తెచ్చిన ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ ప్రకారం, లైసెన్సు పొందిన స్టేషన్ వివాదాస్పద ప్రజా విషయాలను చర్చించాలి, భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలి. నిమిషానికి నిమిషం లెక్కగట్టి సమానంగా పంచాలని అది అనలేదు. అభ్యర్థులకు సమాన అవకాశం, అంటే ఒక అభ్యర్థికి సమయమిస్తే అదే పదవికి పోటీచేసే ఇతరులకూ ఇవ్వాలన్నది, 1934 నాటి చట్టంలోని 315వ సెక్షన్. అది నేటికీ అమల్లో ఉంది. మొదటిదాన్ని 1969లో సుప్రీంకోర్టు సమర్థించినా, 1987 ఆగస్టులో కమిషనే ఎత్తివేసింది. మరుసటి ఏడాది ఆగస్టులోనే సంప్రదాయవాద రేడియో వ్యాఖ్యాత రష్ లింబా కార్యక్రమం జాతీయ స్థాయిలో మొదలైంది. ఆ నిబంధన పోవడం ఒక్కటే టాక్ రేడియోను పుట్టించిందని చెప్పలేము. అప్పటికే సంగీతం ఎఫ్ఎంకు తరలిపోవడంతో ఏఎం స్టేషన్లకు ఏదో ఒక సరుకు కావలసి వచ్చింది. లింబా కార్యక్రమాన్ని స్టేషన్లకు డబ్బు తీసుకోకుండా ఇచ్చి, అందులో కొంత ప్రకటనల సమయాన్ని పంపిణీదారులు తమ వద్ద ఉంచుకునేవారు. చిన్న ఊళ్ల స్టేషన్లకు అంతకంటే చవకైన మార్గం లేదు.

అభ్యర్థుల చర్చలు 315వ సెక్షన్ అడ్డును దాటిన తీరు కూడా గమనించదగినది. 1960లో కెనడీ, నిక్సన్ల చర్చ కోసం కాంగ్రెస్ ఆ సెక్షన్‌ను తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చింది. బయటి సంస్థ నిర్వహిస్తే చర్చను వార్తా ఘటనగా పరిగణించవచ్చని 1975లో కమిషన్ తేల్చడంతో, ఏ పార్టీకీ చెందని పౌర సంస్థ అయిన మహిళా ఓటర్ల లీగ్ 1976 నుంచి ఆ బాధ్యత చేపట్టింది. ప్రసార సంస్థలు తామే నిర్వహించుకునే వీలు 1983లో వచ్చింది. 1988 అక్టోబర్‌లో లీగ్ తప్పుకున్న కారణం ఈ చర్చకు ప్రాణం వంటిది. ఇరు పక్షాల ప్రచార బృందాలు తమలో తాము 16 పుటల ఒప్పందం రాసుకుని, ప్రశ్నకర్తల ఎంపిక నుంచి సభలో కూర్చునే ప్రేక్షకుల వరకు అన్నీ తామే నిర్ణయించి లీగ్ ముందు పెట్టాయి. ఓటర్లను మోసగించే పనిలో భాగం పంచుకోలేమని లీగ్ బహిరంగంగా ప్రకటించి వైదొలగింది. కాబట్టి ప్రశ్నకర్త ఏ పక్షం వాడు అన్నదానికంటే, ఆయనను ఆ కుర్చీలో కూర్చోబెట్టిందీ, కావాలంటే లేపేయగలిగిందీ ఎవరు అన్నదే నాకు పెద్ద ప్రశ్నగా తోస్తుంది.

రేడియో శ్రోత (డాలస్):
కృష్ణాతీరం గారూ, లాస్ వెగాస్ ప్రశ్న విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. అయితే ‘చట్టం చదివినవాడు’ గారి ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను. బౌల్డర్ చర్చ తరువాత రిపబ్లికన్ జాతీయ కమిటీ, సీఎన్‌బీసీకి అప్పటి సోదర సంస్థ అయిన ఎన్‌బీసీతో జరగవలసిన ఫిబ్రవరి చర్చను నిలిపివేసింది. ఆ చర్చలో భాగస్వామిగా ఉండవలసిన నేషనల్ రివ్యూ పత్రిక కరడుగట్టిన సంప్రదాయవాద పత్రికే. 2016 జనవరిలో ట్రంప్‌కు వ్యతిరేకంగా ప్రత్యేక సంచిక తేగానే దానిని కూడా భాగస్వామ్యం నుంచి తొలగించారు. అంటే పార్టీ అభిమానం ఉన్నంత మాత్రాన సరిపోదు, ముందంజలో ఉన్న అభ్యర్థిని బాహాటంగా ఎదిరించకూడదు. ఇది తెలిసిన వ్యాఖ్యాత తరువాతి చర్చలో ఎంత ధైర్యంగా అడుగుతాడు? 1994 ఎన్నికల తరువాత కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన కొత్త రిపబ్లికన్ సభ్యులు లింబాను తమ బృందంలో గౌరవ సభ్యుడిగా చేర్చుకున్నారు. పార్టీ ఇంత ఆదరంగా అక్కున చేర్చుకున్న మనిషి ఆ పార్టీ వారినే గట్టిగా ప్రశ్నించగలడని నేను ఎలా నమ్మేది?

పాత ఆకాశవాణి (విజయవాడ):
బాబూ, ఇక్కడి నుంచి ఒక చిన్న మాట. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు ఆకాశవాణి వార్తలను యథాతథంగా వినిపించడమే తప్ప సొంతంగా వార్తలు చెప్పకూడదు. అందువల్ల మీరు వినే తరహా రేడియో ఇక్కడ పుట్టలేదు. ఆ పాత్రను టీవీ చానెళ్లు తీసుకున్నాయి. 1998 నుంచి ఎన్నికల సంఘం గుర్తింపు పొందిన పార్టీలకు ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ఉచిత సమయం ఇస్తోంది. ఎవరు ఏ రోజు మాట్లాడాలో చీటీ తీసి నిర్ణయిస్తారు. చీటీకి పక్షపాతం లేదు, నిజమే. కానీ చీటీ ప్రశ్న అడగదు. ప్రతి నాయకుడూ తాను రాసుకొచ్చింది చదివి వెళతాడు. ఆ పద్ధతికి అలవాటుపడిన నాకు, పక్షం ఉన్నా సరే, ఎదురుగా కూర్చుని నిలదీసే మనిషి ఒకరు ఉండటం విలువైనదిగానే కనిపిస్తుంది.

కృష్ణాతీరం:
పెద్దాయన మాటతో ఏకీభవిస్తూ నా వాదనకు ఒక హద్దు గీసుకుంటున్నాను. నేను సమర్థించేది ప్రైమరీ చర్చల వరకే. అక్కడ అభ్యర్థులందరూ ఒకే పార్టీ వారు, ఎంచుకునే ఓటర్లలో ఎక్కువమంది ఆ పార్టీ వారు. సాధారణ ఎన్నికల చర్చలో ఒక పక్షం వ్యాఖ్యాత ఇద్దరినీ ప్రశ్నించడాన్ని నేనూ ఒప్పుకోను. మయామీ చర్చ మొదట్లోనే అభ్యర్థి వివేక్ రామస్వామి, ఎన్‌బీసీ వారికి బదులు సంప్రదాయవాద వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్, పాడ్‌కాస్ట్ నిర్వాహకుడు జో రోగన్, వ్యాపారవేత్త ఎలాన్ మస్క్ ప్రశ్నకర్తలుగా ఉండవలసిందన్నారు. ఆ వేదిక మీద హ్యూయిట్ ఉండగానే ఆ మాట వచ్చిందంటే, అభిమాన ప్రశ్నకర్త కోసం అభ్యర్థుల కోరికకు అంతు ఉండదని నాకూ అర్థమైంది.

చట్టం చదివినవాడు:
సాధారణ ఎన్నికలకు మీరు గీసిన హద్దును కాపాడే సంస్థ ఇప్పుడు ఏదీ మిగలలేదు. 1987లో ఏర్పడిన అధ్యక్ష చర్చల కమిషన్ నుంచి రిపబ్లికన్ కమిటీ 2022 ఏప్రిల్‌లో వైదొలగింది. 2024 జూన్ 27న అట్లాంటాలో సీఎన్ఎన్ చర్చ ఆ కమిషన్ ప్రమేయం లేకుండా, నేరుగా ప్రచార బృందాల అంగీకారంతో జరిగింది. 1988లో లీగ్ కాదన్నది ఈ తరహా ఏర్పాటునే.

రేడియో శ్రోత (డాలస్):
అయితే నా అభిప్రాయాన్ని కొంత మార్చుకుంటున్నాను. ప్రైమరీ చర్చలో పక్షం వహించే వ్యాఖ్యాత ముగ్గురిలో ఒకరిగా ఉండవచ్చు, ఒంటరిగా కాదు. పేరు ప్రకటించిన తరువాత ఆయనను తొలగించే అధికారం పార్టీకి ఉండకూడదని ఒప్పందంలోనే రాయాలి. సాధారణ ఎన్నికల చర్చలో మాత్రం ఆయన ప్రేక్షకుల మధ్య కూర్చోవాలి. ఈ షరతులకు ఏ పార్టీ అయినా సంతకం చేస్తుందా అన్నది మీరు చెప్పండి.

కృష్ణాతీరం:
ముందంజలో అభ్యర్థి ఎవరూ లేని ఏడాదిలో చేస్తుందని నా ఆశ. 2028లో అధికారంలో ఉన్న అధ్యక్షుడు మళ్లీ పోటీ చేయలేడు కాబట్టి, ఇరు పార్టీలనూ అడిగి చూడటానికి అదే తగిన సమయం.