తాటిచెట్టా, దిష్టిబొమ్మా? (యిర్మీయా 10:5)

పెన్నగట్టు: అన్నలారా, అక్కలారా, ఒక మాట నాల్గు దినాలుగా నిద్ర పట్టనీలేదు. మా జేజి బైబిలు ఒళ్లో పెట్టుకుని, కండ్లు మూసుకునే చెప్పేది: విగ్రహాలు “తాటిచెట్టువలె తిన్నగా ఉన్నవి”, పలకవు, నడవలేవు, మోయాల. మొన్న జమ్మలమడుగులో ఒకాయన ప్రసంగంలో అదే వాక్యం “దోసతోటలో దిష్టిబొమ్మ” అన్నాడు. తాటిచెట్టు దిష్టిబొమ్మ ఎట్లయింది సామీ?

ఆదోని టీచరమ్మ: గొడవంతా హీబ్రూ మూలంలో ఉండే ‘తోమెర్ మిక్షా’లోని మిక్షా దగ్గర. నిర్గమ 25లో దీపవృక్షానికి అదే మాట ‘నకిషిపని’. యెషయా 1:8లో అదే మాట ‘దోసపాదులు’. నకిషిపని అనుకుంటే చెట్టు, దోస అనుకుంటే తోటలో నిలబెట్టిన బొమ్మ. మన పాత తెలుగు బైబిలు మొదటి దోవ పట్టింది. అయినా ఆ దేశంలో తాడి యాడిది, ఖర్జూరం గదా!

గుత్తికోట: దోసతోట ఒప్పుకుంటా, దిష్టిబొమ్మను ఒప్పుకోను. బెదురుబొమ్మ అనాల. శెనిక్కాయ చేలో పాత చొక్కా తొడిగి పిట్టలకు పెట్టేది బెదురుబొమ్మ. కొత్తిల్లు కట్టేటప్పుడు కట్టేది దిష్టిబొమ్మ. దిష్టిబొమ్మ అన్నామంటే దానికేదో శక్తి ఉందని ఒప్పుకున్నట్టే. యిర్మీయా ప్రవక్త ఏమో “వాటికి భయపడకుడి” అంటాండాడు.

నంద్యాల దేవమాత: మా క్యాథలిక్ బైబిల్లో బారూకు 6వ అధ్యాయం చివర్న చూడండి, విగ్రహాలకు ఇదే పోలిక: దోసతోటలో నిలబడి దేన్నీ కాయని బొమ్మ. గ్రీకులో ప్రోబాస్కానియోన్. బాస్కానియా అంటే సాక్షాత్తూ దిష్టే. కాయనీకి పెట్టింది కాయకపోవడమే ఆ ఎగతాళిలో రుచి. ఇంగ ఒప్పుకుందురూ, గుత్తన్నా.

గుత్తికోట: అది గ్రీకు తల్లీ. గ్రీకోని దిష్టి తెచ్చి యిర్మీయాకు తగిలిస్తే ఎట్ల?

బ్రౌన్ బంగళా: కడపలో కూర్చుని బొమ్మల మాటెత్తి వేమన్నను తల్చకపోతే పాపం. “శిలను ప్రతిమ చేసి చీకటిలో బెట్టి”. ఆ ‘చీకటి’ చూడండప్పా! యిర్మీయా బొమ్మ చేలో ఎండకు ఎండుతుంది, వేమన్న బొమ్మ గర్భగుడిలో మగ్గుతుంది. బ్రౌన్ దొర 1820లో ఈ ఊరికి రాకుంటే ఈ పద్యాలు ఎన్ని దక్కేవో.

ఆదోని టీచరమ్మ: ఇద్దర్నీ ఒకే గాటన కట్టొద్దు. వేమన “ఉల్లమందు” చూడమంటాడు. యిర్మీయా అయిదు వాక్యాల తర్వాత “జీవముగల దేవుడు” అంటాడు. ఒకరిది లోపలి చూపు, ఇంకొకరిది ఎదుటివాని పిలుపు. జాషువాది మూడో దోవ. “ప్రతిమల పెండ్లి సేయుటకు వందలు వేలు వ్యయించు” అన్నప్పుడు ఆయన కన్ను బొమ్మ మీద లేదు, పేదోని ఖాళీ పాత్ర మీదుంది. గబ్బిలం మళ్లా ఒకసారి తీయండి, నేనైతే ఆ సీను దాటి ముందుకు పోలేను.

ఒంటిమిట్ట: నేను గుడికి పోయేవాణ్ణి, కోపం లేకుండానే అడుగుతా. మోయాల్సొస్తుందని వెక్కిరిస్తారే, మాకు ఆ మోయడమే భాగ్యం. పల్లకీ కింద భుజం దొరకనీకి పోట్లాడుకుంటాం.

పెన్నగట్టు: మంచి మాటన్నా. మావాళ్లకు పట్టింపు సరిగ్గా అక్కడే. యెషయా 46లో బేలు, నెబో అనే బబులోను దేవతల బొమ్మలు పశువుల మీద బరువు. దేవుడేమో “ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే” అంటాడు. ఎవరు ఎవర్ని మోస్తాండారనేదే లెక్క. జేజి మంచాన పడినాక ఈ వాక్యమే చదివించుకునేది, తాటిచెట్టు మాటే ఎత్తలేదు.

నంద్యాల దేవమాత: అది సరే తమ్ముడూ. దిష్టిబొమ్మేనా, కాదా?

గుత్తికోట: బెదురుబొమ్మ. ఇంగో సంగతి, యెషయాలో దోస మన పప్పులో వేసే దోసా, కీరానా? ఆ తీగకు బొమ్మ కావాల్నా, వద్దా అనేది దాన్ని బట్టే ఉంటుంది.